36 శాతం మీద అప్పీలు

2025 ఆగస్టు చివర్లో సచివాలయం ఉద్యోగి మా మేనమామ ఇంటికి వచ్చి ఒక నోటీసు ఇచ్చి, అందినట్టు వేలిముద్ర వేయించుకుని వెళ్లాడు. 2021లో పక్షవాతం వచ్చిన దగ్గర నుంచి ఆయన సంతకం ఎడమ బొటనవేలే. నోటీసులో ఉన్నవి మూడే ముక్కలు. పునఃపరిశీలనలో మీ వైకల్యం 36 శాతంగా తేలింది, దివ్యాంగ పింఛనుకు కనీసం 40 శాతం ఉండాలి, కాబట్టి మీరు అనర్హులు. అత్త దాన్ని రెండుసార్లు చదివి వినిపించింది. మామకు మాట సరిగా రాదు. ఏమీ అనకుండా ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి ఒళ్లో పెట్టుకుని మా వైపు చూశాడు.

ఆ రాత్రి మంచం నిండా కాగితాలే. మెదడు స్కాను, గుండె పరీక్ష, షుగరు రిపోర్టులు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 3.8 అని రాసిన రక్తపరీక్ష. ఇన్ని రోగాలున్న మనిషికి 36 ఏమిటని ఇంట్లో అందరిదీ ఒకటే ప్రశ్న. నాదీ అదే. ఆ ప్రశ్న పట్టుకుని వెళ్తే అప్పీలు నిలబడదని తెలియడానికి మాకు మూడు ఆఫీసులు, ఇద్దరు డాక్టర్లు, పది రోజులు పట్టాయి. ముప్పై రోజుల గడువులో పది రోజులంటే తక్కువేమీ కాదు. ఆ పది రోజులు ఇంకొకరికి మిగులుతాయనే ఇది రాస్తున్నాను.

ముందు ఆ నోటీసు ఎందుకొచ్చిందో చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి దివ్యాంగ పింఛను 3,000 నుంచి 6,000 రూపాయలైంది. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి, తీవ్రమైన కండరాల క్షీణత ఉన్నవారికి 15,000 అయింది. డబ్బు పెరిగాక వైకల్య సర్టిఫికెట్ల మీద చూపు పడింది. దొంగ సర్టిఫికెట్లు ఉన్నాయన్నది అబద్ధం కాదు, ప్రతి ఊళ్లోనూ ఒకరి పేరు చెబుతారు. 2025 జనవరి నుంచి 15,000 పింఛనువారి ఇళ్లకు వైద్య బృందాలు వెళ్లాయి. మిగతావారిని ఆస్పత్రులకు పిలిచి మళ్లీ పరీక్షించారు. ఆగస్టులో నోటీసులు మొదలయ్యాయి. దొంగలను ఏరడానికి వేసిన వలలో నిజమైన రోగులు కూడా పడ్డారు. తేడా ఏమిటంటే, దొంగకు ఆఫీసుల చుట్టూ తిరగడానికి కాళ్లు బాగుంటాయి.

శాతం దేన్ని కొలుస్తుంది

సదరం అన్నది నిజానికి ఒక సాఫ్ట్‌వేర్ పేరు. ఉమ్మడి రాష్ట్రంలో వైకల్యాన్ని లెక్కగట్టి కంప్యూటర్‌లో నమోదు చేయడానికి తెచ్చారు. జనం నోట అది సర్టిఫికెట్ పేరే అయిపోయింది. "సదరం ఉందా?" అని అడుగుతారు తప్ప సదరంలో ఏముందని ఎవరూ అడగరు.

అందులో రోగం లెక్క ఉండదు. రోగం వల్ల శరీరంలో ఏ పని ఎంత పోయిందన్న లెక్క ఉంటుంది. కీలు ఎన్ని డిగ్రీలు వంగుతోంది, కండరం బలం 5కి ఎంత, వేళ్లు పట్టు నిలుపుతున్నాయా, అద్దాలు పెట్టుకున్నాక కూడా చూపు ఎంత మిగిలింది, ఇలా. కేంద్రం 2018 జనవరిలో గెజిట్‌లో ప్రకటించిన మార్గదర్శకాల్లో నరాల జబ్బుల దగ్గర ఈ సంగతి సూటిగానే రాశారు. కొలవాల్సింది వ్యాధిని కాదు, అది మనిషిలో మిగిల్చిన ప్రభావాన్ని అని దాని సారాంశం. వ్యాధి మొదలైన ఆరు నెలల తరువాతే సాధారణంగా కొలవాలని కూడా ఉంది, ఎందుకంటే పక్షవాతంలో మొదటి నెలల్లో కొంత కోలుకుంటారు. ఈ మార్గదర్శకాలను 2024 మార్చిలో సవరించారు గాని ఈ మూలసూత్రం మారలేదు.

దీన్నిబట్టి చాలామందికి మింగుడుపడని ఒక నిజం బయటపడుతుంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అంతకుముందు 1995 చట్టంలో ఏడే ఉండేవి. నరాల జబ్బులైన పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్, రక్త జబ్బులైన తలసేమియా, హిమోఫిలియా, సికిల్ సెల్ కొత్త జాబితాలోకి వచ్చాయి. క్యాన్సర్ లేదు. మూత్రపిండాల వైఫల్యం లేదు. గుండె, కాలేయం, ఊపిరితిత్తుల జబ్బులు లేవు. మనిషి మంచం దిగలేని స్థితిలో ఉన్నా, ఆ స్థితికి కారణం ఈ జాబితాలో లేకపోతే శాతం సున్నా కావచ్చు. అయితే జబ్బు మిగిల్చిన లోటు జాబితాలో ఉంటే అది లెక్కకు వస్తుంది. గొంతు క్యాన్సర్‌కు లెక్క లేదు గాని, ఆ క్యాన్సర్ వల్ల స్వరపేటిక తీసేసి మాట పోతే అది మాట, భాషా వైకల్యం కిందికి వస్తుంది. షుగరుకు లెక్క లేదు. షుగరు వల్ల కాలు తీసేస్తే ఉంది.

మామ కాగితాల గుట్టలో సగం ఇలా ఎందుకూ కొరగాకుండా పోయింది. మిగతా సగంలోనే అసలు సంగతి దొరికింది.

ఆయన కొత్త సర్టిఫికెట్‌లో కదలిక వైకల్యం మాత్రమే ఉంది. కుడి చెయ్యి, కుడి కాలు కొలిచారు. 36 వేశారు. మాట సంగతే లేదు. పక్షవాతం ఆయన నోటిని కూడా పట్టుకుంది. "మంచినీళ్లు" అనబోయి "మంచం" అంటాడు, తప్పన్నది తనకే తెలిసి కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. పరీక్ష రోజున ఎముకల డాక్టరు చూశారు, మాటను కొలిచేవారు ఆ రోజు లేరు, ఎవరూ అడగలేదు, మామ చెప్పలేడు. చట్టంలో మాట పోవడం విడిగా ఒక వైకల్యం. రెండు వైకల్యాలుంటే వాటిని కలిపే సూత్రం కూడా 2018 మార్గదర్శకాల్లో ఉంది. నేరుగా కూడకూడదు. 90లోంచి పెద్ద అంకె తీసేసి, మిగిలినదాన్ని చిన్న అంకెతో గుణించి, 90తో భాగించి, వచ్చినదాన్ని పెద్ద అంకెకు కలపాలి. చేతికీ కాలికీ 36, మాటకు 20 అనుకుందాం. 90లోంచి 36 పోతే 54. దాన్ని 20తో గుణిస్తే 1,080. 90తో భాగిస్తే 12. మొత్తం 48. ఈ లెక్క నేను నోటీసు వెనకవైపునే వేశాను. అప్పటిదాకా అన్యాయం జరిగిందన్న కోపమే ఉండేది. ఆ లెక్క తేలాక అప్పీలులో ఏం రాయాలో తెలిసింది.

నిర్ణయాలు రెండు

నోటీసు ఒకటే గాని దాని వెనక నిర్ణయాలు రెండు. మీ వైకల్యం ఇంత శాతం అన్నది డాక్టర్ల నిర్ణయం. ఆ శాతానికి పింఛను రాదు అన్నది కార్యాలయం నిర్ణయం. ఎంపీడీవో ముందు కూర్చుని డాక్టరు తప్పు కొలిచాడని గంటసేపు వాదించినా ఆయన చేతిలో కొలబద్ద లేదు. ఆస్పత్రిలో డాక్టరును పట్టుకుని పింఛను ఆపొద్దని బతిమాలినా ఆయన చేతిలో పింఛను లేదు. ఏ తలుపు ఎవరిదో తెలియక ఈ రెంటి మధ్య తిరిగి తిరిగి అలసిపోయినవాళ్లను నేను చూశాను.

డాక్టర్ల నిర్ణయం మీద అప్పీలుకు చట్టంలోనే చోటుంది. 2016 చట్టం సెక్షన్ 59 ప్రకారం సర్టిఫికెట్ ఇచ్చిన అధికారి నిర్ణయంతో ఏకీభవించనివారు రాష్ట్రం నియమించిన అప్పీలు అధికారి దగ్గరికి వెళ్లవచ్చు. సర్టిఫికెట్‌కు అనర్హుడని తేలిస్తే కారణాలు రాతపూర్వకంగా చెప్పాలని ఆ చట్టం కింద వచ్చిన 2017 నిబంధనలు అంటున్నాయి. 2025 ఆగస్టు నోటీసుల విషయంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దారిని కొంత సులువు చేసింది. ముప్పై రోజుల్లోగా గ్రామాల్లో ఎంపీడీవోకు, పట్టణాల్లో మున్సిపల్ కమిషనర్‌కు అర్జీ ఇస్తే మళ్లీ వైద్య పరీక్షకు పంపుతామంది. అప్పీలు చేసుకున్నవారికి పింఛను కొనసాగిస్తామని కూడా ప్రకటించింది. పాత సర్టిఫికెట్, కొత్త సర్టిఫికెట్, నోటీసు, ఆధార్ జిరాక్సులు జత చేయాలి. కొత్త సర్టిఫికెట్ చూడకుండా అర్జీ రాయకండి. ఏది కొలిచారో, ఏది వదిలేశారో అందులోనే కనిపిస్తుంది.

కార్యాలయం నిర్ణయం సంగతి వేరు. శాతం సరిగ్గానే ఉన్నా, మిమ్మల్ని తప్పు గడిలో పెట్టి ఉండవచ్చు. ఈ గడుల సంగతి ఎవరూ విడమరిచి చెప్పరు. దివ్యాంగ పింఛనుకు శాతం కావాలి. డయాలసిస్ చేయించుకునే కిడ్నీ రోగులకు, కిడ్నీ, కాలేయం, గుండె మార్పిడి జరిగినవారికి, తలసేమియా, సికిల్ సెల్, హిమోఫిలియా ఉన్నవారికి నెలకు 10,000 ఇచ్చే వ్యాధి పింఛను ఉంది. దానికి వైకల్య శాతంతో పని లేదు, వైద్య రికార్డులు కావాలి. అరవై దాటినవారికి శాతం తగ్గినా 4,000 వృద్ధాప్య పింఛనుకు అర్హత ఉండవచ్చు. 38 శాతం వచ్చిన డయాలసిస్ రోగి దివ్యాంగ పింఛను కోసం అప్పీలు చేస్తూ కూర్చోవడం కంటే తన అసలు గడికి దరఖాస్తు పెట్టుకోవడం మేలు.

మామకు యాభై ఏడేళ్లు. వృద్ధాప్యం గడికి మూడేళ్లు తక్కువ. కిడ్నీలు దెబ్బతింటున్నాయి గాని డయాలసిస్ దాకా రాలేదు. డయాలసిస్ లేని కిడ్నీ రోగికి పింఛను రావాలంటే క్రియాటినిన్ 5 దాటాలన్నది అక్కడి కొలమానాల్లో ఒకటి. ఆయనది 3.8. "ఇంకాస్త పాడైతే పదివేలు వస్తాయన్నమాట" అని అత్త అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గీత ఎక్కడో ఒకచోట గీయక తప్పదని నాకూ తెలుసు. కానీ ఒంట్లో మూడు జబ్బులుండి, మూడు గడుల్లోనూ గీతకు ఇవతలే నిలబడిన మనిషి కోసం ఒక్క గడి కూడా లేదు.

తెలంగాణలో అంకెలు వేరు. దివ్యాంగులకు 4,016, డయాలసిస్ రోగులకు 2,016. సాధారణంగా 40 శాతం, వినికిడి లోపానికి 51 శాతం కావాలి. కేంద్రం ఇచ్చే దివ్యాంగ పింఛను దారిద్ర్యరేఖకు దిగువనుండి 80 శాతం వైకల్యం ఉన్నవారికి, అదీ 300 రూపాయలు. ఆ మొత్తం మీద అప్పీలు చేసిన మనిషిని నేనింకా కలవలేదు.

"బాగున్నారా?" అని డాక్టరు అడిగితే

మొదటి పరీక్ష రోజున నేనూ వెళ్లాను. చెప్పుకుంటే సిగ్గుగా ఉంటుంది గాని, మేము చేసిన తప్పులు అక్కడే ఉన్నాయి. ఆస్పత్రికి వెళ్తున్నామని అత్త తెల్లారే మామకు తలస్నానం చేయించి, ఇస్త్రీ చొక్కా తొడిగి, తనే గుండీలు పెట్టి, తల దువ్వింది. వరండాలో రెండు గంటలు కూర్చున్నాం. లోపలికి పిలిచాక డాక్టరు మంచివాడే, నవ్వి "బాగున్నారా?" అన్నాడు. మామ తల ఊపాడు. మన దగ్గర ఆ ప్రశ్నకు ఇంకో జవాబు లేదు. చావుబతుకుల్లో ఉన్నవాడు కూడా బాగున్నానండి అంటాడు. చెయ్యి ఎత్తమంటే, పరాయి మనిషి ముందు చేతకానివాడిలా కనబడటం ఇష్టం లేక, పళ్లు బిగించి భుజం ఎత్తుకు లేపాడు. ఇంట్లో వారం మొత్తంలో అంత ఎత్తు లేపడు. నాలుగు నిమిషాల్లో అయిపోయింది. ఆ రోజంతా తిరిగి వచ్చాక రెండు రోజులు లేవలేకపోయాడు. ఆ రెండు రోజులు ఏ కాగితంలోనూ లేవు.

రెండో పరీక్షకు ఇవి మార్చాం. నటించమని కాదు, అది తప్పు మాత్రమే కాదు, నేరం కూడా. మోసంతో వైకల్య ప్రయోజనం పొందితే రెండేళ్ల దాకా జైలు గాని, లక్ష రూపాయల దాకా జరిమానా గాని, రెండూ గాని అని 2016 చట్టంలోనే ఉంది. మేము చేసిందల్లా ఉన్నదాన్ని దాచకపోవడం. గుండీలు పెట్టలేదు, ఇంట్లో వేసుకునే చొక్కాతోనే వెళ్లాడు. "ఒకసారి ఎత్తగలడండి, రెండోసారి ఎత్తమనండి" అని అత్త చెప్పింది. అంతకుముందు పది రోజులు ఆమె పాత నోటుపుస్తకంలో రోజుకు రెండు వాక్యాలు రాసింది. "మంగళవారం. గ్లాసు జారి కాలి మీద పడింది. బాత్రూముకు ఇద్దరం పట్టుకుని తీసుకెళ్లాం." డాక్టరు ఆ పుస్తకం చదువుతాడని నేననుకోలేదు. ఒక పేజీ చదివాడు.

చికిత్స చేస్తున్న డాక్టరు దగ్గర తీసుకునే ఉత్తరం విషయంలోనూ ఇదే. "కుడివైపు పక్షవాతం, షుగరు, బీపీ, విశ్రాంతి అవసరం" అని రాస్తే అది సెలవు చీటీ. మేము రెండోసారి వెళ్లి అడిగితే ఆయన విసుక్కున్నాడు గాని రాసిచ్చాడు. కుడి చేతి పట్టు బలం 5కి 3, గుండీలు పెట్టుకోలేడు, అన్నం ఎడమచేత్తో తింటాడు, చెప్పింది అర్థమవుతుంది గాని మాట తడబడుతుంది, ఏడాదిగా మార్పు లేదు. ఈ చివరి మాట చాలా ముఖ్యం. తగ్గే అవకాశం ఉందా లేదా అన్నదాన్ని బట్టే సర్టిఫికెట్ శాశ్వతమా, గడువున్నదా అని నిర్ణయిస్తారు.

మామ పేరుతో అర్జీ నేను రాశాను. ఒక పేజీ. కదలిక వైకల్యంతో పాటు మాట, భాషా వైకల్యం కూడా ఉందని, దాన్ని కొలవలేదని, రెండింటినీ కలిపి లెక్కించాలని. పేదరికం గురించి, అన్యాయం గురించి ఒక్క వాక్యం లేదు. రాయాలని చెయ్యి లాగింది, ఆపుకున్నాను. కింద మామ వేలిముద్ర, పక్కన ఇద్దరు సాక్షుల సంతకాలు. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకున్నాం. "ఆన్‌లైన్‌లో ఎక్కించాం, ముద్ర ఎందుకు?" అన్నారు. అయినా వేయించుకోండి.

రోగి మంచం మీద ఉంటే అర్జీ ఇవ్వడానికి ఆయన రానక్కరలేదు, ఇంట్లోవారు ఇవ్వవచ్చు. ఆస్పత్రికి తీసుకెళ్లలేని స్థితి అయితే ఇంటి దగ్గరే పరీక్షించాలని అదే అర్జీలో రాయండి, కదలించకూడదన్న డాక్టరు చీటీ జత చేయండి. ఇళ్లకు వెళ్లి పరీక్షించడం కొత్తేమీ కాదు, 15,000 పింఛనువారికి అలాగే చేశారు. పరీక్ష తేదీ నాటికి రోగి ఆస్పత్రిలో చేరి ఉంటే, ఆ తేదీకి ముందే, తరువాత కాదు, కాగితం మీద తెలియజేసి ఇంకో తేదీ అడగాలి. ఫోనులో చెప్పామంటే చెల్లదు, గైర్హాజరు అని పడుతుంది. వేరే ఊళ్లో చికిత్సలో ఉండి పింఛను తీసుకోలేకపోతే భయపడకండి, ఆంధ్రప్రదేశ్‌లో రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెల మొత్తం కలిపి ఇస్తున్నారు.

సమాచార హక్కు దరఖాస్తు పెట్టి పరీక్ష వివరాలన్నీ తీసుకోమని ఒకాయన సలహా ఇచ్చాడు. మంచిదే. జవాబుకు ముప్పై రోజులు, అప్పీలుకూ ముప్పై రోజులు. కాబట్టి దాని కోసం అప్పీలు ఆపకూడదు. రెండూ ఒకే రోజు పెట్టాలి.

అర్జీ కదలకపోతే సోమవారాలు కలెక్టరేట్లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంది, తెలంగాణలో ప్రజావాణి. అక్కడ న్యాయం దొరుకుతుందని కాదు, ఒక నంబరు దొరుకుతుంది. నంబరు ఉన్న అర్జీకి ఎవరో ఒకరు జవాబు రాయాలి. దానికీ ఫలితం లేకపోతే దివ్యాంగుల రాష్ట్ర కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు, విచారణలో సాక్షులను పిలిపించే అధికారం కమిషనర్‌కు ఉంది. నోటీసే ఇవ్వకుండా పింఛను ఆపితే అది హైకోర్టులో రిట్ వేయదగ్గ సంగతి. లాయరు ఖర్చుకు జంకుతారు గాని, దివ్యాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసాయం పొందే హక్కు 1987 న్యాయసేవల అధికార సంస్థల చట్టం ఇచ్చింది. ప్రతి జిల్లా కోర్టు దగ్గరా ఆ సంస్థ ఉంటుంది. 15100కు ఫోను చేసినా దారి చెబుతారు.

మాకు అంతదాకా వెళ్లే అవసరం రాలేదు. వేరే ఆస్పత్రిలో తేదీ ఇచ్చారు. ఈసారి మాటను పరీక్షించే ఆవిడ ఉంది. బొమ్మలు చూపించి పేర్లు చెప్పమంది. తాళంచెవి బొమ్మ చూపిస్తే మామ చాలాసేపు పెదవులు కదిపి, చివరికి గాలిలో ఎడమచేత్తో తాళం తిప్పి చూపించాడు. ఆవిడ తల ఊపి ఏదో రాసుకుంది.

సర్టిఫికెట్ వచ్చేసరికి నెల దాటింది. 48 శాతం, తాత్కాలికం, మూడేళ్ల తరువాత మళ్లీ పరీక్ష. అత్త దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి బీరువాలో దాచింది. నోటుపుస్తకం మాత్రం దాచలేదు. అది మామ మంచం పక్కన కిటికీలోనే ఉంది, పెన్ను దారంతో కట్టి.